కదలొద్దన్నారు

కుదురుగా కూర్చోవడం నాకు చేతకాని పని. పద్నాలుగేళ్లుగా బస్సు కండక్టరుగా చేస్తున్నాను. రాజాం నుంచి చీపురుపల్లి మీదుగా విజయనగరం, అక్కడినుంచి మళ్లీ రాజాం. మధ్యలో కొన్నాళ్లు పాలకొండ రూటు, కొన్నాళ్లు ఆమదాలవలస స్టేషను రూటు. బస్సులో నాకంటూ ఒక సీటు ఉండేది గాని దానిమీద నా సంచీయే ఎక్కువసేపు కూర్చునేది. ఇంట్లోనూ అంతే. అన్నం నిలబడి తినేదాన్ని. కూర కలుపుతూ గిన్నెలు సర్దేదాన్ని. "ఒక్క చోట కూకుంటే నీ సొమ్మేటి పోతాది?" అని మా ఆయన విసుక్కునేవాడు.

అలాంటిదాన్ని ఒక బల్ల మీద పడుకోబెట్టి, చేతులు రెండూ తలపైకి ఎత్తించి, కదలొద్దన్నారు.

అప్పటికి నా ఎడమ రొమ్ములో గడ్డ తీసేసి ఆరు నెలలు దాటింది. ఆపరేషను, ఆ తర్వాత కీమో సెలైన్లు, జుట్టంతా రాలిపోవడం, అవన్నీ ఎలాగో గడిచాయి. ఆ రోజుల్లో ఏదో ఒకటి జరుగుతూ ఉండేది. వాంతో, జ్వరమో, నోట్లో పుండో. జరిగేదానితో పెనుగులాడడం నాకు వచ్చు. ఇక రేడియేషను ఒక్కటే మిగిలింది.

"గడ్డ తీసేశాం. కంటికి కనపడని కణాలు అక్కడక్కడా మిగిలి ఉండొచ్చు. వాటిని ఈ కిరణాలు చంపుతాయి" అన్నారు డాక్టరు గారు. "నాలుగు వారాలు రావాలి. సోమవారం నుంచి శుక్రవారం దాకా, రోజూ. శని, ఆదివారాలు సెలవు. ఆ రెండు రోజుల్లో దెబ్బతిన్న మంచి కణాలు కాస్త తేరుకుంటాయి."

రోజుకి ఎంతసేపు అని అడిగాను. పది, పదిహేను నిమిషాలు అన్నారు. అందులోనూ కిరణాలు పడేది రెండు మూడు నిమిషాలే. ఆ కాస్తకి రాజాం నుంచి విజయనగరం అవతలి ఆస్పత్రికి రోజూ వెళ్లి రావడమా అనుకున్నాను. కాని లోపల మాత్రం ఆ ప్రయాణం ఉన్నందుకే కాస్త ఊరట. ఇంట్లో పడుకోమని అంటే ఏమైపోయేదాన్నో.

మిషను మొదలుపెట్టకముందు ఒక రోజు కొలతల కోసం పిలిచారు. బొబ్బిలి అమ్మాయి ఒకత్తి అక్కడ టెక్నీషియను. నా ఛాతీమీద మార్కరుతో గీతలు గీసింది. స్కానింగు తీసింది. తర్వాత నా పొట్ట మీద అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దదైన ప్లాస్టిక్ డబ్బా పెట్టి, కళ్లకెదురుగా ఒక చిన్న తెర అమర్చింది.

"అక్కా, మీది ఎడమవైపు కదా. దాని కిందే గుండె ఉంటాది" అంది. "మీరు గట్టిగా ఊపిరి పీల్చి పట్టుకుంటే, ఊపిరితిత్తులు నిండి గుండె కాస్త అవతలికి జరుగుతాది. అలా జరిగి ఉన్నంతసేపే మిషను వేస్తాం. గుండెకి తగలకుండా."

"పట్టుకోలేకపోతే?"

"మిషను ఆగిపోతాది. మళ్లీ పీల్చుకుని మొదలెడదాం. భయం లేదు."

తెర మీద ఒక గీత ఉంది. నేను గాలి పీలిస్తే పైకి లేస్తోంది, వదిలితే దిగుతోంది. దాన్ని ఆకుపచ్చ పట్టీ దాకా తెచ్చి అక్కడే నిలపాలి. మొదటిసారి పట్టీ దాటి పైకి పోయింది. రెండోసారి సగంలో దగ్గొచ్చింది. మూడోసారి నా కాలివేళ్లు వాటంతటవే ఆడుతున్నాయని ఆ అమ్మాయి చెప్పేదాకా నాకే తెలియదు. బస్సులో చివరి మెట్టు మీద వేలాడే కాలేజీ పిల్లల్ని ఒక్క కేకతో లోపలికి తోసినదాన్ని, నా కాలివేళ్లు నా మాట వినలేదు. నాలుగోసారికి కుదిరింది. లేచేసరికి వీపంతా చెమటతో తడిసిపోయింది.

"ఈ గీతలు చెరిగిపోకూడదు. సబ్బు రాయొద్దు, రుద్దొద్దు. మెత్తటి నూలు బట్టలే కట్టుకోండి" అని చెప్పి పంపింది.

పొందూరు నూలు గుడ్డతో వదులుగా రెండు జాకెట్లు కుట్టించుకున్నాను. మిషను మొదలయ్యేదాకా వారం రోజులు, ఏ పనిమీద బస్సెక్కినా అందులో కూర్చుని ఊపిరి బిగబట్టడం నేర్చుకున్నాను. ఒక కరెంటు స్తంభం దగ్గర పీల్చి, నాలుగో స్తంభం దగ్గర వదలడం. పక్కన కూర్చున్నావిడ భయపడి నా భుజం తట్టింది. "ఏటమ్మా, ఆయాసమా?" అని.

మొదటి రోజు మిషను గదిలోకి వెళ్లాను. నన్ను సరిగ్గా పడుకోబెట్టి, గీతల మీద ఎర్రటి వెలుగు గీతలు కలిసేలా సర్ది, ఆ అమ్మాయి బయటకు వెళ్లిపోయింది. తలుపు అరచేతి మందం కాదు, గోడ మందం ఉంది. అది మూసుకుంటున్న చప్పుడు విన్నప్పుడు, నేనొక్కదాన్నే లోపల ఉండాల్సిన ఈ గదిలో ఏముందో అనుకున్నాను. మైకులో ఆమె గొంతు వచ్చింది. "అక్కా, పీల్చండి. పట్టండి."

పట్టాను. మిషను నా చుట్టూ తిరిగింది. ఎక్కడో తేనెటీగలు ముసిరినట్టు చిన్న రొద. వేడి లేదు, చురుకు లేదు, నొప్పి లేదు. "వదలండి. అయిపోయింది."

అదే నన్ను నిలవనివ్వలేదు. ఏమీ తెలియకపోతే ఏం చేసినట్టు? అసలు తగిలిందా? తగిలితే అది ఇప్పుడు ఎక్కడుంది? నాలోనే ఉందా? అంత మందం తలుపు వేసుకుని వాళ్లందరూ బయట నిలబడ్డారంటే, లోపలున్న నాకు ఏం అంటుకున్నట్టు? తిరుగు బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నా నేను వెళ్లి వెనక నిలబడ్డాను. చంటిపిల్లనెత్తుకున్న ఒకావిడ ముందు సీట్లో ఉంది. అందుకని.

ఈ మాట ఎవరినీ అడగలేదు. నలుగురికీ దారి చెప్పే ఉద్యోగం చేసినదాన్ని, ఇది కూడా తెలియదా అంటారని సిగ్గు. అడిగితే ఔనంటారేమోనని భయం. మా అమ్మాయి అప్పుడు ఇంటర్ రెండో ఏడు. రోజూ పొద్దున్న కాలేజీకి వెళ్లేముందు నా ముందు కూర్చుని జడ వేయించుకునేది. నా తలమీద జుట్టు లేని రోజుల్లో కూడా దాని జడ మానలేదు. రేడియేషను మొదలైన రెండో రోజు నుంచి మానేశాను.

"చెయ్యి నొప్పిగా ఉందే, నువ్వే వేసుకో."

నాలుగు రోజులు చూసింది. ఐదో రోజు, "నా మీద ఏదైనా కోపమా అమ్మా?" అని అడిగింది. లేదే అని వంటింట్లోకి వెళ్లిపోయాను. నా కంచం, గ్లాసు వేరే పెట్టుకుంటున్నానని అది గమనించిందని నాకు తెలుసు.

ఆస్పత్రిలో ఎదురుచూసే హాలులో ఒక ముసలావిడ రోజూ నా కంటే ముందే వచ్చి కూర్చునేది. పూసపాటిరేగ అవతల సముద్రపొడ్డున వాళ్ల ఊరు. మొగుడు వేటకెళ్లేవాడట, పోయి చాలా ఏళ్లయింది. ఎండుచేపలు అమ్ముతుంది. అంగిట్లో కేన్సరు. ఆపరేషను చేసి అంగిట్లో పడిన కన్నానికి కట్టుడుపళ్ల లాంటి ప్లేటు ఒకటి అమర్చారు. అది పెట్టుకుంటేనే మాట తెలుస్తుంది.

"అడ్డపొగ తాగేదాన్ని" అంది అడక్కుండానే. "చుట్ట తిరగేసి, నిప్పు లోపలెట్టి. సముద్రం గాలికి బయటెడితే ఆరిపోతాది గదా. మాయమ్మ కాల్సీది, మాయత్త కాల్సీది, నానూ కాల్సినాను. ఆలకేటీ అవనేదు, నాకే అయినాది."

మిషను వేసేటప్పుడు ఆమెకు ముఖానికి తొడుగు ఉంటుంది. రంధ్రాల ప్లాస్టిక్ రేకుని వేడినీళ్లలో మెత్తబరిచి ముఖం మీద పరిచి అచ్చు తీస్తారు. రోజూ అది ముఖానికి తొడిగి బల్లకి బిగిస్తారు, తల వెంట్రుకవాసి కూడా కదలకుండా. ఆ తొడుగులన్నీ లోపల బల్లమీద వరసగా ఉంటాయి, ఒక్కోదాని మీద పేరు రాసి.

"బతికుండగానే నా మొకం తీసి బల్లమీదెట్టేసినారు పిల్లా" అంది. "రోజూ ఎల్లి అది తగిలించుకోవాల. అది బిగిస్తే ఊపిరాడదు. దాన్నిండా కన్నాలున్నాయి, గాలాడతాదంటారు. ఆడతాది. అయినా ఆడనట్టుంటాది."

రెండుసార్లు మధ్యలో చెయ్యెత్తి మిషను ఆపించిందట. నాకు నా కాలివేళ్లు గుర్తొచ్చి, నాకూ కష్టంగానే ఉందని చెప్పాను. అప్పటినుంచి నా పక్కనే కూర్చునేది. రెండో వారం చివర్లో ఒక రోజు గొంతు తగ్గించి అడిగింది.

"అమ్మీ, ఈ కరెంటు ఒంట్లో ఉండిపోతాదేటే?"

"ఏల?"

"మా కోడలు మనవడిని నా దగ్గరకి రానివ్వడం నేదు. మళ్లీ కడుపుతో ఉన్నాది. ఎవులో సెప్పినారంట, నా ఒంట్లోంచి అది ఆలకి కొడతాదని. నువ్వు సదువుకున్నదానివి గదా. నిజవేనా?"

నేను ఆమె మొహం వైపు చూడలేదు. "ఏమో మామ్మా" అన్నాను. అంతే. ఆ ఒక్క మాట అని నా టోకెను పిలిచారేమోనని లేచి నిలబడ్డాను. ఇంకా పిలవలేదు.

తరవాతి సోమవారం ఆమె రాలేదు. మంగళవారమూ రాలేదు. బుధవారం మిషను దగ్గర నన్ను పడుకోబెడుతూ ఆ అమ్మాయి అడిగింది, "అక్కా, మీ పక్కన కూర్చునే మామ్మ ఎక్కడైనా కనిపించిందా? ఫోను కలవడం లేదు."

"రాకపోతే ఏమవుతుంది?"

"సగంలో ఆపకూడదక్కా. ఇన్నాళ్లూ దెబ్బతిన్న కేన్సరు కణాలు, ఖాళీ వస్తే మళ్లీ పెరగడం మొదలెడతాయి. ఒకటి రెండు రోజులైతే చివర్లో కలుపుతాం. వారాలైతే చేసిందంతా వేస్టయిపోతాది."

ఆ రోజు ఊపిరి ఒక పట్టాన నిలవలేదు. మిషను మూడుసార్లు ఆగింది. అయిపోయాక బట్టలు కట్టుకుని బయటికి వచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లి తలుపు దగ్గర నిలబడి అడిగాను.

"ఆ మామ్మ అడిగిందమ్మా. ఈ కిరణాలు ఒంట్లో ఉండిపోతాయా? పిల్లల్ని దగ్గరకి తీసుకోకూడదా?"

ఆ అమ్మాయి ఆశ్చర్యంగా చూసింది. "అయ్యో, అందుకా! లేదక్కా. ఎక్స్‌రే తీయించుకుని ఇంటికెళ్తే ఎక్స్‌రే మీతో వస్తాదా? ఇదీ అంతే. మిషను ఆపగానే కిరణం ఉండదు. స్విచ్చి తీసేస్తే గదిలో వెలుగు ఉండదు కదా, అలాగ. మేం బయట నిలబడేది ఎందుకంటే రోజూ ఇంతమందికి వేస్తాం, మాకు రోజూ తగలకూడదు కాబట్టి. ఒంట్లో మందు పెట్టే వైద్యాలు వేరే ఉన్నాయి, వాటికి జాగ్రత్తలు వేరు. మీవి గాని, మామ్మవి గాని అవి కావు. ఎవరినైనా ఎత్తుకోవచ్చు, పక్కన పడుకోబెట్టుకోవచ్చు." కాస్త ఆగి, "మొదటి రోజే చెప్పుండాల్సింది. అందరికీ తెలుసనుకుంటాం" అంది.

మొదటి రోజే నేను అడిగి ఉండాల్సింది. మామ్మ అడిగిన రోజైనా అడిగి చెప్పి ఉండాల్సింది.

ఆ సముద్రం రూటులో తిరిగే కండక్టరు నాకు తెలుసు. ఫోను చేశాను. "ఆ ముసల్దా? సోమవారం ఎక్కినాది వదినా" అన్నాడు. "ఆస్పత్రి స్టాపు కాడ దిగనేదు. స్టాండు దాకా వచ్చినాది. దిగుతాదేమో అనుకున్నాను. అక్కడే కూకుని అదే బస్సులో ఎనక్కి ఎల్లిపోనాది. ఒంట్లో బాగునేదా అంటే పలకనేదు."

శనివారం నాకు మిషను లేదు. పొద్దున్నే బయల్దేరాను. చంకలో చర్మం అప్పటికే ఎర్రబడి మండుతోంది. చెయ్యి కాస్త ఎడంగా పెట్టుకుని రెండు బస్సులు మారి, చివర ఆటో ఎక్కి ఆ ఊరు చేరాను. వలలు ఆరేసిన ఇసకదారిలో ఎవరినడిగినా ఇల్లు చూపించారు.

ఆమె ఇంట్లో లేదు. ఇంటికి ఎడంగా, చేపలు ఆరబెట్టే చోట తాటాకు పంచకింద కూర్చుని ఉంది. పక్కన ఒక సత్తు కంచం, గ్లాసు. గంజి సగం తాగి వదిలేసినట్టుంది. నోట్లో పుళ్లు. నన్ను చూసి లేవబోయింది.

"నువ్వేటే ఇలగొచ్చినావు?"

"నువ్వు రానేదని వచ్చినాను."

"నాను రాను. ఆ మొకం తగిలించుకోనేను. తగిలించుకుని ఏటి సెయ్యాల? బతికినా మనవడిని ముట్టుకోకూడదు గదా."

"ముట్టుకోవచ్చు మామ్మా. నాను అడిగినాను. ఏటీ అవదు."

గుమ్మంలో ఆమె కోడలు నిలబడి వింటోంది. ఆరేడు నెలల కడుపు. వెనక నాలుగేళ్ల వాడు తల్లి చీర పట్టుకుని ఉన్నాడు. నేను మిషను దగ్గరి అమ్మాయి చెప్పిందంతా చెప్పాను, ఎక్స్‌రే సంగతి, వెలుగు సంగతి. కోడలు కోపంగా లేదు. భయంగా ఉంది.

"అక్కా, నాకూ అత్తంటే ఇష్టవే. కంచం ఏరే ఎడతన్నానని ఊరంతా తిడతన్నారు. కాని కడుపులో ఉన్నదాని మాటేటి?" అని, నా వైపు తిన్నగా చూసి అడిగింది. "నీకూ అదే మిషను గదా. నీకు పిల్లలున్నారా?"

"ఒక కూతురు."

"దాన్ని దగ్గరికి తీసుకుంతన్నావా?"

అబద్ధం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. చెప్పాలనే నోరు తెరిచాను. బుధవారమే సంగతి తెలిసింది. బుధ, గురు, శుక్ర మూడు రోజులు గడిచాయి. పొద్దున్న మా అమ్మాయి అద్దం ముందు తనే జడ వేసుకుంటుంటే చూసి కూడా దాటి వచ్చేశాను. తెలిసినంత మాత్రాన చెయ్యి ముందుకు రాలేదు.

"లేదు" అన్నాను. "ఇంకా లేదు. నాకూ భయవే."

ముసలావిడ నోరు తెరిచి నన్నే చూసింది. కోడలు కొడుకు చేతిలోంచి చీర విడిపించుకుని గుమ్మం దిగింది. తర్వాత, "అలగైతే ఇయ్యాల ఇంటికెల్లి తీసుకో. తీసుకుని నాకు ఫోన్ సెయ్యి. అప్పుడు అత్తని నానే అంపుతాను" అంది.

తిరుగు బస్సులో కాలు నిలవలేదు. ఆమె మాటలో తప్పేమీ లేదు. ఊరు కాని ఊరు వచ్చి, వాళ్ల బిడ్డని దగ్గరికి పంపమన్నాను, నా బిడ్డని దూరం పెట్టుకుని. ఇంటికి చేరేసరికి మా అమ్మాయి పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. దువ్వెన తీసుకుని దాని వెనక మంచం మీద కూర్చున్నాను. "ఏంటమ్మా, సాయంత్రం పూట జడా?" అంది. "కదలకు" అన్నాను. చెప్పాల్సిందంతా దాని తల వెనక నుంచి చెప్పాను, మొహం చూడక్కర్లేదు కాబట్టి. ఎందుకు దూరం పెట్టానో, ఎక్కడికి వెళ్లి వచ్చానో. అది వెనక్కి తిరిగి, "ఈ మాట కోసం నన్ను ఇన్నాళ్లు ఏడిపించావా? నన్నడిగితే ఫోనులో చూసి చెప్పేదాన్ని కదా" అని నా ఒడిలో తల పెట్టి నిజంగానే ఏడ్చింది. చంక మండుతోంది. అయినా దాని మీంచి చెయ్యి తియ్యలేదు.

తరవాత మా అమ్మాయే ఆ కోడలికి ఫోను చేసి మాట్లాడింది. "ఔనక్కా, నా పక్కనే ఉంది. జడేసింది. ఆఁ, నాకేం కాలేదు."

సోమవారం అత్తాకోడళ్లిద్దరూ వచ్చారు. డాక్టరు గారు ముసలావిడని చూసి, పోయిన రోజులు చివర్లో కలిపి లెక్క సరిచేశారు. కోడలు తన అనుమానాలన్నీ ఆయన్నే మళ్లీ అడిగింది, నేను చెప్పినవి నమ్మకుండా. అడగడం మంచిదయింది. నోటి పుళ్లకి పుక్కిలించే మందు ఇచ్చారు, చల్లారిన గంజి, మెత్తటి అన్నం తినమన్నారు. తొడుగు భయం మాత్రం పోలేదు. "నాను కళ్లు మూసుకుని అలల్ని లెక్కెట్టుకుంతన్నాను. అప్పుడప్పుడూ లెక్క తప్పిపోతాది" అనేది.

నా నాలుగు వారాలు ముందు అయిపోయాయి. ఆఖరి రోజుకి చంకలో చర్మం ఊడి, నీరు కారి, పడుకుంటే అంటుకుపోయేది. మానడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. దానికంటే అలసట ఎక్కువ బాధపెట్టింది. కూర్చోవడం చేతకాదన్న నేను, చెంబెడు నీళ్లు తెచ్చుకుని మళ్లీ మంచానికి చేరేదాన్ని. పడుకున్నా నిద్ర రాదు, లేస్తే ఓపిక ఉండదు. లోపల మాత్రం ఏదో బయల్దేరి పోతున్నట్టే ఉండేది.

మూడు నెలలకి డ్యూటీలో చేరాను. మొదట్లో స్టాండులో ఎంక్వయిరీ సీటు ఇచ్చారు. మైకులో బస్సులు పిలవడం. ఆ కుర్చీలో నెలన్నర భరించి, బతిమాలి మళ్లీ బస్సెక్కాను. ఎడమ చెయ్యి పై కమ్మీ దాకా పూర్తిగా లేవదు. కుడి చేత్తో పట్టుకుంటాను.

ముసలావిడ తన వారాలు పూర్తి చేసింది. బాగా చిక్కిపోయింది. రుచులు చాలాకాలం తెలియలేదు. ఇప్పుడు ఉప్పు తెలుస్తోంది, పులుపు కాస్త, తీపి ఇంకా లేదు. చుట్ట మానేసింది. మానేసినందుకు అందరి మీదా కోపం. కోడలికి ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల ముసలావిడ ఒళ్లోనే పెరుగుతోంది. "దీన్ని నా దగ్గరే ఒగ్గేసి కోడలు బజారుకి ఎల్లిపోతాది. అప్పుడు రానివ్వనేదు, ఇప్పుడు దించనివ్వడం నేదు" అని నాకు చాడీ చెప్పింది.

నాలుగు నెలలకోసారి ఇద్దరం, ఎవరి తేదీకి వాళ్లం, పరీక్షలకి వెళ్తాం. తేదీ దగ్గరపడుతున్న వారం నేను నేనుగా ఉండను. రాత్రి పప్పుకి రెండుసార్లు పోపు పెడతాను. డిపోలో టిక్కెట్ మిషను మర్చిపోయి వెనక్కి పరిగెత్తుతాను. రొమ్ము మీద, చంకలో వేళ్లతో తడుముకుంటాను, మళ్లీ తడుముకుంటాను. పోయినసారి డాక్టరు గారు స్కాను చూసి, "ఇప్పటికి ఏమీ కనపడటం లేదు" అన్నారు. సంతోషించాల్సిన మాట. గుమ్మం దాటేలోపే దానిలో 'ఇప్పటికి' అన్న ముక్క నన్ను పట్టుకుంది.

ఆ సాయంత్రం ముసలావిడ ఫోను చేసింది. ఆమెకి అంతకుముందు రోజు పరీక్ష.

"నీకేటన్నారు?"

"ఏటీ నేదన్నారు మామ్మా. ఇప్పటికి."

"నాకూ అదే అన్నారు. ఇప్పటికంటే ఏటే?"

"మళ్లీ నాలుగు నెలలకి సూత్తారంట."

"అలగైతే నాలుగు నెలలున్నాది గదా" అంది. వెనక పిల్ల ఏడుస్తోంది. "ఉండు, సేపలు ఎండలో ఉన్నాయి, కాకులొచ్చీసినాయి. పెట్టీ."

పెట్టేశాను. మా ఆయన "ఏమన్నారు?" అని అడిగితే చెప్పాను. కూర్చోమన్నాడు. కూర్చున్నాను. రెండు నిమిషాలు.